మలుపు దగ్గర బండి చప్పుడు

ఏప్రిల్ 3, బుధవారం

మెకానిక్ బానెట్ మూసేసి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నాన్న వైపు చూశాడు. "డాక్టర్ గారూ, ఇంక లేవదనుకున్న ఆవు దగ్గర నిలబడి రైతుకి మీరేం చెప్తారో, నేనూ మీకు అదే చెప్తున్నాను."

పశువుల డాక్టరుకి ఆ భాషలో చెప్తే తప్ప ఎక్కదని అతనికెలా తెలిసిందో! నాన్న బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, హెడ్‌లైటు మీద చెయ్యి వేశాడు, ఆవు ముట్టె నిమిరినట్టు.

"ఇంకొక్క ఏడాది లాగదా?"

"ఎందుకు లాగదండీ, మీరు వెనక నుంచి తోస్తుంటే!"

ఇంటికొచ్చే దారంతా నాన్న మాట్లాడలేదు. బండి మాత్రం మాట్లాడింది. దానికి నేను పుట్టినప్పటి నుంచీ అవే జబ్బులు. గేరు మారిస్తే దగ్గు, మలుపు తిరిగితే మూలుగు, ఆగే ముందు ఒక గురక. వీధిలో అందరూ దాన్ని ముసలాయన అంటారు.

అమ్మకి విషయం చెప్పే పని నాదే. ఈమధ్య చెప్పే పనులన్నీ నావే.

"అమ్మా, కొత్త బండి కొనాలట."

"ఎవరట?"

"నాన్న."

"ఎవరి నాన్న?"

నాన్న పక్క కుర్చీలోనే కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

ఏప్రిల్ 4

చార్టు మొదలుపెట్టాను. ఎడమ వైపు ఎలక్ట్రిక్, కుడి వైపు హైబ్రిడ్. ఇది బండి సంగతి, అంతే. ఇంకేమీ కాదు.

ఏప్రిల్ 6, శనివారం

నాకు ఉద్యోగమిచ్చిన కొత్త కంపెనీ వాళ్ళు మళ్ళీ అడిగారు, ఎప్పుడొచ్చి చేరతారని. బండి సంగతి తేలగానే అని రాశాను. ఎక్కడో ఉన్న ఆఫీసుకీ మా నాన్న బండికీ ఏమిటి సంబంధమని వాళ్ళు అడగలేదు. మర్యాదస్తులు.

చార్టు చూపించాను. నాన్నకి హాల్లో, అమ్మకి వంటింట్లో. ఒకే నాటకం, రెండు ఆటలు.

విషయం నిజానికి చిన్నదే. హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, చిన్న బ్యాటరీతో మోటారూ ఉంటుంది. గోడకి తగిలించే పని లేదు, బ్రేకు వేసినప్పుడల్లా, ఇంజను నడిచినప్పుడల్లా బ్యాటరీని అదే నింపుకుంటుంది. ఎలక్ట్రిక్‌కి ఇంజనే ఉండదు. పెద్ద బ్యాటరీ, ఒక తీగ, ఒక ప్లగ్గు, కొంత ఓపిక. దూరం తిరిగేవాళ్ళకి హైబ్రిడ్, ఊళ్ళో తిరిగేవాళ్ళకి ఎలక్ట్రిక్. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేముంది?

నాన్న కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. "పిడుగూ, అక్కడెక్కడో దూడ అడ్డం తిరిగి ఉంటే నేనిక్కడ ప్లగ్గు కోసం వెతుక్కుంటూ కూర్చోనా? హైబ్రిడ్డే. పెట్రోలు పోయించామా, పోయామా!"

అమ్మ వేలితో ఎడమ వైపు గీత వెంట కిందికి వెళ్ళింది. లెక్కల టీచరు కదా, ముందు అంకెల దగ్గరే ఆగుతుంది.

"ఇది నింపితే ఇంత దూరం పోతుందా?"

"పోతుంది."

"ఇంతకన్నా తక్కువ పోయేది దొరకదా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. మా ఇంట్లో మైలేజీ లెక్క వేరు. ఎంత తక్కువ పోతే అమ్మకి అంత మంచి బండి. నాన్న ఊరు దాటి డెయిరీల వెంట తిరగడం మానాలని ఆవిడ పట్టు. తిరుగుతాననేది ఆయన పట్టు. ఇద్దరూ పట్టిన కుందేళ్ళకీ మూడేసి కాళ్ళే.

ఆమధ్య డెయిరీ నుంచి వస్తూ పట్టపగలు స్టీరింగ్ మీదే కునుకు పట్టి నాన్న రోడ్డు పక్క గుంతలోకి దిగాడు. గీత కూడా పడలేదు, ఆయనకీ, ముసలాయనకీ. ఇంటికొచ్చి మాత్రం పంక్చరని చెప్పాడు. మర్నాడు డెయిరీ ఆయన ఫోన్ చేసి, "డాక్టర్ గారికి ఒంట్లో ఎలా ఉందమ్మా? నిద్రలో అలా బండి..." అన్నాడు. అమ్మ ఆసాంతం విని, థాంక్సండీ అని పెట్టేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో "ఏమండీ" లేదు. దానికి బదులు పలికే "ఏమోయ్" కూడా లేదు. గుంతలో పడ్డందుకు కాదు. పంక్చరన్నందుకు. అమ్మ క్లాసులో లెక్క తప్పు చేసినవాడికి సగం మార్కులైనా వచ్చేవి, పక్కవాడిది చూసి రాసినవాడికి సున్నా.

మాటలు ఆగాయి గానీ టీ ఆగలేదు.

ముసలాయన వీధి మలుపులో మూలుగుతాడు. ఆ మూలుగు వినగానే అమ్మ స్టవ్ వెలిగిస్తుంది. నాన్న బండి ఆపి, బ్యాగు దించి, పెరట్లో పంపు కింద మోచేతుల పైదాకా సబ్బుతో కడుక్కుని లోపలికొచ్చేసరికి టీ పొంగుకొస్తూ ఉంటుంది. నాన్న ఏ రోజూ ఒక వేళకి రాడు. టీ ఏ రోజూ చల్లగా ఉండదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. ఇప్పుడు కొత్తగా వచ్చిన మార్పల్లా, అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది, నాన్న తాగేసి, గ్లాసు కడిగి, చప్పుడు కాకుండా బోర్లిస్తాడు. ఆలుమగల మధ్య సంభాషణ మొత్తం అదే.

చార్టులో చప్పుడు అనే వరస లేదు.

ఏప్రిల్ 7

చప్పుడు వరస చేర్చాను. హైబ్రిడ్: ఇంజను ఉంది. ఎలక్ట్రిక్: లేదు. నేను హైబ్రిడ్ పక్షం. కారణం దూరం.

ఏప్రిల్ 9, మంగళవారం

షోరూం అమ్మాయికి నా వయసే ఉంటుంది. అలసట లేని నవ్వు. ఎలక్ట్రిక్ తలుపు తెరిచి నాన్నని కూర్చోబెట్టింది.

"స్టార్ట్ అయిందో లేదో కూడా తెలీదు సర్!"

"బల్ల మీద పశువు అలా ఉంటే మేం కంగారు పడతామమ్మా," అన్నాడు నాన్న.

నేను హైబ్రిడ్ దగ్గరికి లాక్కెళ్ళాను. "ఇది చప్పుడు చేస్తుందా?"

"అస్సలు చెయ్యదు మేడం!"

"కొంచెం కూడానా?"

పాపం, ఏ జవాబుకి బండి అమ్ముడుపోతుందో తేల్చుకోలేక నా మొహంలోకి చూసింది. "కావాలంటే... చేస్తుంది మేడం."

రెండు బండ్లూ ఒక్కో రోజు ఇస్తారట, నడిపి చూసుకోవడానికి. ముందు హైబ్రిడ్.

ఏప్రిల్ 12, శుక్రవారం

అంతా తలకిందులైంది.

నాన్న పొద్దున్నే హైబ్రిడ్ తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "హైవే మీద ఇంజను భలే పాడుతోంది పిడుగూ," అన్నాడు. నేను అమ్మకి వినబడేలా, "పాడుతోందా నాన్నా? గట్టిగానే?" అన్నాను. అమ్మ కూరగాయలు తరుగుతోంది. కత్తి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

సాయంత్రం ఇద్దరం వంటింట్లోనే ఉన్నాం. అమ్మ ఒక చెవి నాకిచ్చి ఒకటి వీధిలో పెట్టుకుని పని చేసుకుంటోంది. నేనేదో వాగుతున్నాను. ఎందుకో తల తిప్పితే, గుమ్మంలో నాన్న. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. స్టవ్ వైపు చూస్తున్నాడు.

స్టవ్ వెలగలేదు. గిన్నె బోర్లించే ఉంది.

అమ్మ వెనక్కి తిరిగింది. ఆవిడ మొహంలో ముందు కంగారు, తర్వాత అవమానం. రెండూ నేను చూశాను. నాన్న చూసింది స్టవ్‌ని మాత్రమే.

"ఎప్పుడొచ్చారట?" అమ్మ నన్నడిగింది.

"నాకు ఆకలిగా లేదని చెప్పు," అని నాన్న గదిలోకి వెళ్ళిపోయాడు.

"మీ నాన్న దొంగలా రావడం కూడా నేర్చుకున్నారన్నమాట," అంది అమ్మ.

షోరూం అమ్మాయికి ఫోన్ చేశాను. "అవును మేడం! స్లోగా వెళ్ళేటప్పుడు ఇంజను ఆగిపోయి బ్యాటరీ మీదే వెళ్తుంది. సన్నగా ఏదో ఈలలాంటిది వస్తుంది, నడిచేవాళ్ళకి తెలియడానికి. హైబ్రిడ్ స్పెషాలిటీ అదే మేడం!"

ఆ ఈల మా వంటింటి దాకా రాదు. ఊరవతల అంతా అరిచి అరిచి, సరిగ్గా మా మలుపు దగ్గరికొచ్చి నోరు మూసుకునే బండిని నేను ఏరికోరి ఎంచాను. చప్పుడు కోసం. కాదు, దూరం కోసం.

ఏప్రిల్ 13, శనివారం

నాన్న వసారాలో పనిముట్లు ఉడకబెట్టి తుడుచుకుంటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నిన్న నువ్వొచ్చింది అమ్మకి వినబడలేదు నాన్నా."

"మాటలు మానేసింది గానీ చెవులు మానెయ్యలేదుగా?"

"బండి వినబడలేదు. బండి మలుపు తిరగడం విని టీ పెడుతుంది."

"ఏం కాదు. రోజూ నేనొచ్చే టైముకి పెడుతుంది."

"నువ్వు రోజూ ఒక టైముకి వస్తావా?"

పట్టకారు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఏ ఆవు ఏ పూట మేత ముట్టలేదో చెప్పగలిగిన మనిషికి, తన టీ గురించి ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న రాలేదు.

"అంటే ఇన్నాళ్ళూ వింటూ కూర్చుందా?"

"కూర్చోలేదు. పని చేసుకుంటూ వింది."

చాలాసేపు అదే పట్టకారు తుడిచాడు. "మీ అమ్మకి చెప్పు..." అన్నాడు. తర్వాత, "వద్దులే."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"పంక్చరని చెప్పినవాణ్ణి. ఇప్పుడేం చెప్పినా సున్నాయే. భయపడుతుందని అలా చెప్పానే."

"ఇప్పుడు భయపడట్లేదా?"

పట్టకారు డబ్బాలో పెట్టి మూత వేశాడు.

ఏప్రిల్ 15

"ఎలక్ట్రిక్ నడిపే రోజు నేనూ వస్తానని మీ నాన్నకి చెప్పు." చెప్పాను.

"ఎండగా ఉంటుందని చెప్పు." చెప్పాను.

"ఏసీ లేదా అని అడుగు." అడిగాను.

ముగ్గురం ఒకే బల్ల దగ్గర అన్నం తింటున్నాం.

ఏప్రిల్ 17, బుధవారం

మొత్తం రాయాలి. ఒక్కటి కూడా పోకూడదు.

వెనక కూర్చుంటే తల తిరుగుతుందని చెప్పమని చెప్పి అమ్మ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక, చార్టుతో సహా. బండి గేటు ముందు నుంచి కదిలిందని ఎదురింటి పిన్ని చెయ్యి ఊపాక తెలిసింది.

స్టీరింగ్ ముందు తెర మీద ఇంకెంత దూరం పోగలదో చూపించే అంకె ఒకటి ఉంది. ఊళ్ళో ఆగుతూ సాగుతూ వెళ్తున్నంతసేపూ అది బుద్ధిగానే ఉంది. ఎలక్ట్రిక్‌కి ట్రాఫిక్ అంటే ఇష్టం, బ్రేకు వేస్తే కొంత వెనక్కి వస్తుంది. హైవే ఎక్కి, ఏసీ పెంచగానే అంకె జారడం మొదలైంది. నాన్న కళ్ళు దాని మీదే.

"మీ నాన్నని రోడ్డు చూడమను. అంకె నేను చూస్తాను," అంది అమ్మ.

రెండు చోట్ల పని అయింది. ఒక చోట జ్వరం, ఒక చోట గిట్టలో పుండు. వెనక్కి తిరుగుదామనుకుంటుండగా ఫోన్. డెయిరీ ఆయన, ఆ ఫోన్ చేసిన ఆయనే. పొద్దుటి నుంచి ఆవు నొప్పులు పడుతోంది, దూడది ఒక కాలే కనబడుతోందట. నాన్న బండి పక్కకి తీసి ఆపాడు. ఎటూ తిప్పలేదు.

అమ్మ కళ్ళు మూసుకుని లెక్క వేసింది. పెదవులు కదిలాయి. "వెళ్ళడానికి సరిపోతుంది. ఇంటికి రావడానికి చాలదు."

"మీ అమ్మ వద్దంటే వెనక్కి తిప్పుతానని చెప్పు," అన్నాడు నాన్న. రోడ్డు వైపే చూస్తూ. ఆ మాట ఆయన నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. బహుశా ఆవిడా అనుకోలేదు.

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఒక లారీ వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది.

"ఆవుకి లెక్కలు రావని చెప్పు. పోనివ్వమను."

డెయిరీలో పాలు చల్లబరిచే యంత్రం పక్కన ప్లగ్గు దొరికింది. తీగ తగిలించాం. "మా దగ్గర బండ్లు కూడా మేస్తాయన్నమాట!" అని డెయిరీ ఆయన ఒకటే సంబరం. అమ్మని చూసి మాత్రం కొంచెం వెనక్కి తగ్గాడు. తన ఫోను ఏం చేసిందో ఆయనకి తెలిసినట్టుంది.

నాన్న చొక్కా విప్పి, చేతికి పొడుగు తొడుగు వేసుకుని, గడ్డి మీద పక్కకి పడుకున్నాడు. దూడ ముందు కాలు ఒకటి లోపలే మడత పడిపోయింది. భుజం దాకా చెయ్యి పెట్టి దాన్ని వెతుకుతున్నాడు. ఆవు నొప్పికి బిగుసుకున్నప్పుడల్లా ఆయన చెయ్యి నలిగిపోవడం మొహంలో తెలుస్తోంది. నోరు మాత్రం ఆగలేదు. "ఏమ్మా, తెలుసమ్మా, నాకు తెలుసు. అయిపోవచ్చింది. ఇంకొక్కసారి. కోపమొచ్చిందా? రానీ, తిట్టు. మా తల్లి కదూ..."

అమ్మ గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఇది చూడటం మొదటిసారి. నాతో, చిన్నగా: "ఆవుతో ఎంత బాగా మాట్లాడతారో చూడు."

కాలు తిన్నగా వచ్చింది. తాడు కట్టి, డెయిరీ ఆయనా నేనూ లాగాం. అమ్మ కూడా వచ్చి తాడు చివర పట్టుకుంది, కొంగు నడుముకి దోపుకుని. దూడ జారి గడ్డిలో పడింది. తుమ్మింది. అందరం ఒకేసారి నవ్వాం, నాన్న అందరికన్నా గట్టిగా. నవ్వుతూ అమ్మ వైపు తిరిగాడు. ఆవిడ కూడా నవ్వుతోంది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఆపేశారు.

మామూలుగా అయితే ఇక్కడే కడుక్కుని, ఒళ్ళంతా హూనమై ఉండగానే నాన్న బండెక్కేవాడు. గుంతలో పడిన రోజూ అంతే చేసి ఉంటాడు. ఇవాళ కూడా చేతులు తుడుచుకుంటూ బండి వైపే నడిచాడు. అమ్మ తలుపు తీసి అంకె చూసింది.

"ఇంకా చాలదు."

ఇంక చేసేదేముంది, దాణా బస్తాల పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఒరిగినవాడు నిద్రపోయాడు, బస్తా మీద చెంప ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని. డెయిరీ ఆయన లేపబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపకండి. బండి ఇంకా తింటోంది."

వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. ఈగలు ముసురుతుంటే నా వైపు చెయ్యి చాపింది. నా చార్టు తీసుకుని, మడిచి, ఆయన మొహం మీద విసరసాగింది. మధ్యలో నేను వెళ్ళి అంకె చూసొచ్చాను.

"అమ్మా, సరిపోయింది. వెళ్దామా?"

"ఉండవే," అంది అమ్మ, విసరడం ఆపకుండా. "ఇంకొంచెం తిననీ."

ఏప్రిల్ 18

"ఎలక్ట్రిక్ తీసుకోమను. దానికి ఆకలేస్తే ఆగుతుంది. మనిషిని కూడా ఆపుతుంది."

"డెయిరీలకి వెళ్ళనిస్తుందా అని అడుగు."

"బండి కడుపు నిండే దాకా పడుకుంటే వెళ్ళమను."

"సరేనని చెప్పు."

చార్టులో ఎలక్ట్రిక్ కింద "ఎక్కువసేపు ఆగాలి" అని లోపాల్లో రాసుకున్నాను. దాన్ని ఏ వరసలోకి మార్చాలో తెలీలేదు. చార్టు మీద ఈగ మరకలున్నాయి. పారెయ్యలేదు.

ఏప్రిల్ 19

అందరూ బాగానే ఉన్నారు. చప్పుడు సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

నేనొక ఉపాయం వేశాను. సాయంత్రాలు పై గదిలో కిటికీ దగ్గర పని పెట్టుకుంటాను. బండి మలుపు తిరగడం కనబడగానే కిందికి దిగి, ఏదో ఒక వంకతో వంటింట్లోకి వెళ్ళి స్టవ్ సంగతి గుర్తు చేస్తాను. అంటే నేను ఇక్కడ ఉండాలి. కంపెనీని ఇంకొంత గడువు అడిగాను. ఇంట్లో అవసరం అని రాశాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 22, సోమవారం

మెకానిక్ వచ్చి ముసలాయన్ని తీసుకెళ్ళాడు. నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ బయటికి రాలేదు.

వెళ్తూ వెళ్తూ ముసలాయన మలుపు దగ్గర మూలిగాడు. అమ్మ చెయ్యి స్టవ్ మీదికి వెళ్ళిపోయింది. వెలిగించేసింది కూడా. కాసేపు ఆ మంట వైపు చూసి ఆర్పేసింది.

ఏప్రిల్ 23

అమ్మ ఉన్నట్టుండి ఒక బండెడు కంకర తెప్పించి గేటు ముందు పరిపించింది. వానలొస్తే బురదవుతుందట. ఆకాశంలో చారెడు మబ్బు లేదు. అదే అంటే, "వచ్చాక వేస్తారా ఎవరైనా?" అంది. చెప్పులు లేకుండా నడిస్తే అరికాళ్ళు చచ్చిపోతున్నాయి. రిటైరైన టీచర్లకి తోచకపోతే ఇలాంటివే.

ఏప్రిల్ 25, గురువారం

ఇవాళ కొత్త బండితో మొదటి రోజు.

కిటికీ దగ్గర కూర్చున్నాను. పని సాగలేదు. వెలుగు తగ్గకముందే తెల్లటి బండి మలుపు తిరిగింది. నీళ్ళ మీద బాతులా, ఏ చప్పుడూ లేకుండా. మెట్లు రెండేసి చొప్పున దిగాను. ఉప్పు కావాలనుకున్నాను. పై గదిలో ఉప్పెందుకో ఆలోచించలేదు. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను.

బయట కంకర కరకరలాడింది.

అమ్మ తల ఎత్తింది. చెయ్యి స్టవ్ దగ్గరికి వెళ్ళింది. రిటైరైన టీచర్లకి తోచకపోతే! నన్ను నేనే మొట్టుకోవాలి.

అప్పుడు అమ్మ చెయ్యి ఆగింది. మీటని పట్టుకున్న వేళ్ళు వదిలేశాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుకి తుడుచుకుని, ఎప్పుడో తుడిచి పెట్టిన కంచం తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. గుమ్మంలో నన్ను చూసింది. నోరెత్తావంటే చంపేస్తాను అన్నట్టు చూసింది.

బండి తలుపు పడింది. పంపు తిరిగింది. ఎంత సబ్బు రాసుకున్నాడో ఎంతకీ నీళ్ళు ఆగలేదు. ఆగాయి. అడుగులు గుమ్మం వైపు రాలేదు. వంటింటి కిటికీ వైపు వచ్చాయి.

కిటికీ అవతల నాన్న. ఊచల్లోంచి స్టవ్ కనబడుతూనే ఉంటుంది, వెలగని స్టవ్. మొన్నటిలా వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. మొండి ఆవు దగ్గరైనా ఇంత ఇబ్బంది పడి ఉండడు.

"ఏమోయ్," అన్నాడు. "వచ్చాను."

కంచం తుడవడం ఆగింది.

"అయ్యో, ఎంతసేపైందండీ వచ్చి?" అంది అమ్మ, జన్మలో అబద్ధమాడని లెక్కల టీచరు. "వినబడనే లేదు! రండి, కూర్చోండి, పెడుతున్నాను."

ఏప్రిల్ 26

చేరే తేదీ కంపెనీకి రాసేశాను. ఇక్కడ నా ఉద్యోగం పోయింది.